ఏ కన్నుతో చూస్తున్నాము?

మార్చి నెలాఖరున ఒక శనివారము రాత్రి మా ప్రాంతములో ఉన్నట్టుండి వాన పడింది. తెల్లవారి ఆరాధనకు వచ్చినవారిలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. పెద్దవాడు మిరపకాయలు కళ్ళములో ఆరబోసుకొని, పట్టాలు చాలక, అర్ధరాత్రి బురదలో పరుగులు తీసినవాడు. చిన్నవాడు ఆ యేడు మిరప వేయలేదు. వేసవి దుక్కి దున్నుకోవడానికి పదును ఎప్పుడవుతుందా అని ఆకాశము వైపు చూస్తున్నవాడు. సాక్ష్యముల సమయములో చిన్నవాడు లేచి, వాన కురిపించిన దేవునికి స్తోత్రము చెప్పి కూర్చున్నాడు. పెద్దవాడు తల ఎత్తలేదు. తరువాతి కీర్తన ఎత్తుకోవలసిన మేము, ఏది పాడాలో తోచక కొంతసేపు పుస్తకము తిరగవేస్తూ ఉండిపోయాము.

ఇటువంటి సంగతి చెప్పి, "చూశారా, వాన ఒక్కటే, చూపులే రెండు" అని ప్రసంగించడము సులభము. మేమును అలా ప్రసంగించినవారమే. కాని నిదానించి ఆలోచిస్తే అది సరి కాదు. ఆ అన్నదమ్ములకు వచ్చిన తేడా చూపులో కాదు, చేలో. కాయలు తడిసినవానికి నష్టము నిజముగానే వచ్చింది. అతడు వేరొక విధముగా చూసినంత మాత్రాన తాలుకాయ మేలురకము ధర పలకదు. ఈ మధ్య పట్టణములలో "పాజిటివ్ థింకింగ్" అని ఒక మాట బాగా చెలామణిలో ఉన్నది. మన సంఘములలో కూడ కొందరు దానికి నాలుగు వాక్యములు తగిలించి విశ్వాసము పేరుతో చెప్పుచున్నారు. మన దృష్టి మన జీవితానుభవమును మలచుననుట నిజమే. అయితే అది ఎంతవరకు నిజము, ఏ విధముగా నిజము అన్నది తెలియకుండ చెప్పితే, ఆ మాట ఓదార్పుగాక గాయముగా మారుతుంది. ఇది మేము ఒక స్త్రీ యింటి అరుగు మీద కూర్చుండి నేర్చుకున్న పాఠము.

2021వ సంవత్సరము చివరలో గుంటూరు, ప్రకాశము జిల్లాలలోను, తెలంగాణలోని ఖమ్మము, వరంగల్ ప్రాంతములలోను మిరప తోటల మీద నల్ల తామరపురుగు పడిన సంగతి రైతు కుటుంబములవారికి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు మనవారు ఎరిగిన తామరపురుగు ఆకు మీద ఉండేది. ఇది పూతలో దూరింది. పూత రాలిపోయింది, ఆకు ముడుచుకుపోయింది, కాసిన నాలుగు కాయలు వంకరలు తిరిగాయి. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. చాలామంది పైరు మీద ఆశ వదలుకొని దున్నివేశారు.

మా సంఘములోని ఒక సహోదరి ఆ యేడు రెండెకరములు కౌలుకు తీసుకొని మిరప వేసింది. భర్త అంతకు రెండేండ్ల క్రితమే ప్రభువునందు నిద్రించాడు. ఇద్దరు పిల్లలు. ఎరువుల కొట్టులో అప్పు, కౌలు బాకీ కలిపి ఆమె కట్టవలసినది లక్షన్నర దాటింది. ఆ చేను చూసి వచ్చిన సాయంత్రము మేము, మా సతీమణి ఆమె యింటికి వెళ్ళాము. ప్రార్థన చేశాము. ప్రార్థన తరువాత ఊరకుండక, "అమ్మా, అన్నిటియందును మేలు ఉంటుంది. పోయిన దానివైపు కాదు, దేవుడు ఉంచిన దానివైపు చూడు. నీ చూపు మారితే నీ దుఃఖము మారుతుంది" అని పెద్దగా హితబోధ చేశాము.

ఆమె మజ్జిగ గ్లాసులు మా చేతికిచ్చి, గుమ్మము దగ్గర కూర్చుని, నెమ్మదిగా అన్నది: "మీరు చూడమన్న వైపే చూస్తానయ్యగారూ. కాని ఎరువుల కొట్టాయన ఈ వైపు నుంచి వస్తాడు."

కోపముతో అన్న మాట కాదు. ఎగతాళి అంతకన్నా కాదు. ఉన్న సంగతి చెప్పింది. మా సతీమణి మా వైపు ఒకసారి చూసి తల దించుకున్నది. మజ్జిగ త్రాగి లేచాము. దారి పొడుగునా ఇద్దరము మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి సంఖ్యాకాండము 13వ అధ్యాయము తీసి మరల చదివాము. మనమందరము ఆదివారపు బడిలో చిన్నప్పటి నుండి విన్న కథే. మోషే పన్నెండుమందిని కనాను దేశమును చూచి రమ్మని పంపాడు. నలువది దినములు తిరిగారు. ఒక్క ద్రాక్షగెలను ఇద్దరు దండె మీద మోసుకొని వచ్చారు. దానిమ్మ పండ్లు, అంజూరపు పండ్లు తెచ్చారు. దేశము మంచిదన్న విషయములో వారిలో ఎవరికిని భేదాభిప్రాయము లేదు. ప్రాకారములుగల పట్టణములు, ఉన్నత దేహులు ఉన్నారన్న విషయములోను భేదము లేదు. ఈ రెండవ సంగతిని మనము ప్రసంగములలో దాటివేస్తూ ఉంటాము. యెహోషువ, కాలేబు అక్కడ బలవంతులు లేరని చెప్పలేదు. గోడలు చిన్నవని చెప్పలేదు. పదిమంది చూచినదంతయు వారును చూచారు.

భేదము ఎక్కడ వచ్చింది? పదిమంది ఆ ఎత్తైన మనుష్యులను చూచిన తరువాత తమను తాము చూచుకున్నారు. తమ దృష్టికి తాము మిడతలవలె కనబడ్డారు. అంతటితో ఆగక, ఎదుటివారి దృష్టికిని మేము అట్లే ఉన్నామని చెప్పారు. ఎదుటివారు ఏమనుకున్నారో వీరికెలా తెలిసింది? వెళ్ళి అడిగారా? తమ కన్నును తీసి ఎదుటివాని ముఖములో పెట్టి చూచుకున్నారు, అంతే. ఆ చూపు వారి నోటినుండి పాళెమంతా ప్రాకింది. జనులు రాత్రంతా ఏడ్చి, మరల ఐగుప్తుకు పోదామన్నారు. నలువది దినముల ప్రయాణము నలువది సంవత్సరములైంది.

ఇక్కడ మమ్మును ఎప్పుడూ ఆపివేసే సంగతి ఒకటున్నది. కాలేబు చూపు మంచిదే. అయినను పదిమంది చూపు చెడినందున అతడు కూడ ఆ నలువది ఏండ్లు అరణ్యములో నడవవలసి వచ్చింది. ఇసుకలో వారితో పాటే గుడారము వేసుకున్నాడు, తన తోటివారిని ఒక్కొక్కరినే పాతిపెట్టాడు. మంచి దృష్టి అతనికి దగ్గరి దారి చూపలేదు. అయితే యెహోషువ గ్రంథము 14వ అధ్యాయములో చూడండి. ఎనుబది యైదేండ్ల వయస్సులో వచ్చి, తన వంతుకు ఆ ఉన్నత దేహులున్న కొండ ప్రదేశమునే అడిగాడు. నలువది యైదేండ్ల క్రితము చూచిన కొండను అతడు మరచిపోలేదు.

కొండ అంటే మనకు దగ్గరగా ఉన్న కొండ ఒకటి జ్ఞాపకమునకు వస్తుంది. ఒంగోలులోని ప్రార్థన కొండ. మన పెద్దలు చెప్పగా విన్నవారు చాలామంది ఉంటారు గాని, ఈ తరము పిల్లలకు ఆ చరిత్ర తెలియదు. కనుక కొంచెము వివరముగా చెప్పుకుందాము.

అమెరికా బాప్టిస్టులు తెలుగువారి మధ్య పని ప్రారంభించినది 1836లో. శామ్యూల్ డే అనే మిషనరీ మొదట ఉత్తరమున విశాఖపట్నము, శ్రీకాకుళము ప్రాంతములలోను, తరువాత మద్రాసులోను ఉండి, 1840లో నెల్లూరుకు వచ్చాడు. ఏండ్లు గడిచాయి. డబ్బు ఖర్చయింది, ఆరోగ్యములు చెడ్డాయి. విశ్వాసుల సంఖ్య మాత్రము బహు స్వల్పము. అదే సమయములో బంగాళాఖాతమునకు ఆవలి ఒడ్డున బర్మాలో కరెను జనులు వేలకొలదిగా ప్రభువునొద్దకు వస్తున్నారు. లెక్కలు చూచుకునేవారికి ఏమి తోస్తుంది? ఫలము లేని చోట ఎరువు వేయడమెందుకు, తెలుగు మిషను మూసివేసి ఆ మనుష్యులను బర్మాకు పంపుదామని తోస్తుంది. 1848లోనే ఆ ప్రస్తావన వచ్చింది. 1853లో న్యూయార్క్ రాష్ట్రములోని అల్బనీ పట్టణములో జరిగిన సభలలో మరల వచ్చింది.

ఆ సభలో మిషను స్థలములు గుర్తుపెట్టిన పటము ఒకటి ఉన్నది. బర్మా వైపు అనేకమైన గుర్తులు, సముద్రమునకు ఈవల నెల్లూరు దగ్గర ఒకే ఒక్క గుర్తు. ఆ గుర్తును చూపించి ఎవరో దానిని ఒంటరి నక్షత్రము అన్నారట. ఆ మాట శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవిగారి మనస్సుకు పట్టుకున్నది. అమెరికావారి ప్రసిద్ధమైన దేశభక్తి గీతము వ్రాసిన ఆయనే. ఆ రాత్రి ఆ పేరు మీద ఒక పద్యము వ్రాసి మరునాడు చదివి వినిపించాడు. మిషను మూసివేయడము ఆగిపోయింది. నాటి నుండి తెలుగు మిషనుకు "లోన్ స్టార్ మిషన్" అన్న పేరు వచ్చింది.

గమనించండి. పటము మారలేదు, నెల్లూరులో విశ్వాసుల సంఖ్య ఆ రాత్రికి రాత్రి పెరగలేదు. ఒకరికి ఆ గుర్తు ఖర్చు దండగైన చోటు. మరొకరికి చీకటిలో ఆరిపోక నిలిచిన నక్షత్రము. పద్యము వలన మిషనుకు కలిగిన మేలు ఒక్కటే: అది ఇంకొన్నాళ్ళు బ్రతికి ఉన్నది. చూపు చేయగలిగినది చాలాసార్లు ఇంతే. పంట ఇవ్వలేదు, చేను దున్నివేయకుండ ఆపింది.

ఈ సంగతులన్నీ సముద్రములకు ఆవల జరిగినవి. ఇక్కడ ఏమి జరిగిందో చూడండి. 1854వ సంవత్సరము జనవరి 1వ తారీఖున, ఇంకా చీకటి ఉండగానే, లైమన్ జూవెట్ దొరగారు, దొరసానిగారు, వారితో పాటు ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక కొండ ఎక్కారు. ఆ ముగ్గురిలో జూలియా అనే సహోదరి ఒకరు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపుమని అయిదుగురును మోకరించి ప్రార్థించారు. సూర్యోదయమైన తరువాత జూవెట్ దొరగారు క్రింద నాగజెముడు పెరిగిన ఒక స్థలమును చూపించి, అక్కడ మిషను బంగళా ఉంటే బాగుండునా అని జూలియాను అడిగారని చెప్పుతారు. నాగజెముడు డొంకను చూచి బంగళాను చూచిన కన్ను అది!

అయితే ఆ మరుసటి యేడే బంగళా లేచిందనుకోకండి. పన్నెండేండ్లు పట్టింది. ఈలోగా 1862లో జూవెట్ దొరగారు అనారోగ్యముతో అమెరికా వెళ్ళినప్పుడు మిషను మూసివేత మాట మూడవసారి లేచింది. మీరు పంపకపోయినా నేనొక్కడనే వెళ్ళి తెలుగువారి మధ్యనే చనిపోతానన్నారాయన. అలాగైతే నిన్ను పాతిపెట్టడానికైనా నీతో ఒకరిని పంపవలసిందేనని మిషను కార్యదర్శి అన్నాడట. అలా వచ్చినవారే జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలులో కాపురము పెట్టారు. పాతిపెట్టడానికని హాస్యముగా పంపబడిన మనిషి దాదాపు నలుబదియైదేండ్లు ఈ దేశముతో సంబంధము పెట్టుకొని బ్రతికాడు.

క్లౌ దొరగారి తొలి దినములలోనే చూపుకు పరీక్ష వచ్చింది. తోళ్ళ వ్యాపారము చేసుకుంటూ దూర ప్రాంతములు తిరిగే ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొంది, తన జనులైన మాదిగవారి మధ్య సువార్త చెప్పసాగాడు. వారు ఒంగోలు బంగళాకు రావడము మొదలుపెట్టారు. అప్పటికే దొరగారి బడిలో పై కులములవారి పిల్లలు చదువుకొనుచున్నారు. వీరిని చేర్చుకుంటే మా పిల్లలను మాన్పిస్తామని ఆ పెద్దలు కచ్చితముగా చెప్పారు. ఊరిలో పలుకుబడిగలవారు ఒకవైపు, ఊరి వెలుపల ఉన్నవారు ఇంకొకవైపు. దొరగారు ఒక గదిలోను, దొరసానిగారు వేరొక గదిలోను ప్రార్థించి బైబిలు తెరువగా, ఒకరికొకరు తెలియకుండ ఇద్దరికిని మొదటి కొరింథీ మొదటి అధ్యాయములోని ఒకే భాగము కనబడిందని ఆయన తన అనుభవములలో చెప్పుకున్నారు. లోకము ఎన్నికలేనివారని త్రోసివేసినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగమది. మాదిగవారు లోనికి వచ్చారు. ఆ పిల్లలు బడి మాని వెళ్ళిపోయారు.

ఇక్కడ మిడతల సంగతి మరల తలంచుకోవాలి. కనాను వెళ్ళిన పదిమంది తమంతట తామే తమను మిడతలుగా చూచుకున్నారు. మన పల్లెలలో అనేకులకు ఆ చూపు తమంతట తాము తెచ్చుకున్నది కాదు. తరతరములుగా వీధిలో, బావి దగ్గర, కళ్ళములో నూరిపోయబడినది. అటువంటివానితో "నీ చూపు మార్చుకో" అని ఒక్క మాట చెప్పి చేతులు దులుపుకోవడము న్యాయము కాదు. వానిని మిడతగా చూస్తున్న కన్ను కూడ మారవలసి ఉన్నది. పేరయ్యను ఒక మనిషి ఎదురుగా కూర్చోబెట్టుకొని మనిషిగా చూచిన దినము పేరయ్యకు ఎటువంటిదై ఉంటుందో ఊహించండి. పెద్దలమైన మనము మన యిండ్లలో ఏమి చేస్తున్నాము? లెక్కలు రాని పిల్లవానిని "మొద్దు" అని రోజుకు పదిసార్లు పిలిచే తండ్రి, ఒక మిడతను తయారు చేస్తున్నాడు. పదవ తరగతి పరీక్ష నాటికి వాడు పూర్తిగా మిడత అయి ఉంటాడు.

తరువాత 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన గొప్ప కరవు వచ్చింది. లక్షలాది మంది చనిపోయారు. కరవులో బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకము పని పెట్టారు. పనికి వెళ్ళిన బీదవారిని కూలీల పెద్దలు నానా హింసలు పెడుతున్నారని విని, క్లౌ దొరగారు ఏమి చేశారు? యౌవనములో అమెరికాలో భూమి కొలతల పని నేర్చిన మనిషి. కాలువలో కొన్ని మైళ్ళ భాగమును తానే కంట్రాక్టుగా తీసుకున్నారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. చచ్చిపోతున్న మనిషిని "దేవుడు ఉంచిన దానివైపు చూడు" అనలేదు. చేతికి పార ఇచ్చి, సాయంత్రానికి కూలి ఇచ్చారు. పగలు మట్టి మోసిన చోటనే కూర్చోబెట్టి, వాక్యము వినిపించారు.

ఇంకొక పని కూడ చేశారు. కూటికొరకు మతములోనికి వస్తున్నారన్న మాట రాకుండ, దాదాపు పదిహేను నెలలు ఎవరికిని బాప్తిస్మము ఇవ్వలేదు. సహాయము పంచడము ఆగిపోయిన తరువాత, 1878 జూన్ నెలలో మరల మొదలుపెట్టారు. జూలై 3వ తారీఖున ఒంగోలుకు ఉత్తరమున వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. దొరగారు నీళ్ళలోనికి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, వంతులవారీగా ఆ పని చేశారు. అప్పుడు కూడ వీరు బియ్యపు క్రైస్తవులే అన్నవారున్నారు. ఒకే ఏరు, ఒకే జనము, రెండు చూపులు!

ఈ చరిత్ర అంతా మాకు ముందే తెలుసు. దీనిమీద ప్రసంగములు కూడ చేశాము. కాని ఆ సహోదరి యింటి నుండి వచ్చిన రాత్రి అది వేరుగా కనబడింది. మేము ఆమెకు కొండ మీది ప్రార్థన చెప్పాము గాని, కాలువ త్రవ్వకము చెప్పలేదు. నిజమైన దృష్టి గలవాని చేతులు ఊరకనే ఉండవు. చేతులు కదలని చూపును దర్శనము అనకూడదేమో. అది ఒక్కొక్కసారి వట్టి తప్పించుకొనుట.

మరుసటి ఆదివారము ఆరాధన తరువాత సంఘ పెద్దలను కూర్చోబెట్టి ఉన్న సంగతి చెప్పాము, మేము చెప్పిన హితబోధ, ఆమె ఇచ్చిన జవాబు కూడ దాచలేదు. ఒక పెద్దాయన నవ్వాడు. తరువాత ఆయనే లేచి, కొట్టు యజమాని తనకు తెలుసునని, వెళ్ళి మాట్లాడతానని అన్నాడు. ముగ్గురు వెళ్ళారు. బాకీ మాఫీ కాలేదు. అటువంటి అద్భుతము ఏదియు జరుగలేదు. మూడు పంటలకు వాయిదా ఒప్పుకున్నాడు, వడ్డీ కొంత తగ్గించాడు. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము డబ్బాలోనిది ఆ యింటికి మళ్ళించారు. మన ఆడవారు వంటకు బియ్యము కొలిచేటప్పుడు పిడికెడు తీసి డబ్బాలో వేసే ఈ అలవాటు చాలా సంఘములలో మానివేస్తున్నారు. మానవద్దని మా మనవి. మిరప దున్నివేసిన నేలలో ఆలస్యముగానైనా ఏదో ఒకటి వేద్దామని ట్రాక్టరున్న సహోదరుడు డీజిలు ఖర్చుకే దున్నిపెట్టాడు. మరుసటి యేడు ఆమె మిరప జోలికి పోక, ఎకరమున్నరలో శనగ వేసింది.

ఇందులో ఆమె చూపు ఎంత మారిందో మాకు తెలియదు. మా చూపు మాత్రము మారింది. ఇప్పుడు దుఃఖములో ఉన్న యింటికి వెళ్ళినప్పుడు ముందు ఆ యింటివారు ఏ వైపు చూస్తున్నారో, ఆ వైపు కూర్చుని మేమును చూస్తున్నాము. కొట్టాయన ఏ వైపు నుండి వస్తాడో తెలుసుకుంటున్నాము. ఆ తరువాతనే ప్రార్థన.

శనగ పంట చేతికి వచ్చిన తరువాత ఒక సాయంత్రము ఆమె చిన్న సంచిలో శనగలు తీసుకొని పార్సనేజికి వచ్చింది. మొదటి వాయిదా కట్టివేశానని చెప్పింది. మా సతీమణి కాఫీ ఇచ్చి, ఈసారి ఏమి వేస్తున్నావమ్మా అని అడిగింది.

"మళ్ళీ మిరపే అమ్మగారూ. అరెకరమే. ఎక్కువ వేయను."

"ఆ పురుగు మళ్ళీ వస్తే?" అన్నాము మేము ఆగలేక.

"వస్తుందయ్యగారూ" అన్నది ఆమె. "రాకుండా ఎందుకుంటుంది? అందుకే నీలిరంగు జిగురు అట్టలు ముందే కట్టాలంట. వ్యవసాయ ఆఫీసాయన చెప్పాడు. ఎకరాకు ఎన్ని కావాలో మా పెద్దోడు రాసుకొచ్చాడు."

కాఫీ గ్లాసు కడిగి బోర్లించి, చీకటి పడకముందే వెళ్ళాలని ఆమె బయలుదేరింది.